స్పోర్ట్స్ కూపే మైలేజీ: సరిగ్గా కొలవడం, నిజంగా పెంచుకోవడం

450 హార్స్‌పవర్ ఉన్న ఒక కూపే, అంటే రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, చదునైన రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో నిలకడగా వెళ్తోందనుకోండి. అప్పుడు అది వాడుకునేది దాదాపు 20 హార్స్‌పవర్ మాత్రమే. లెక్క పెద్ద కష్టమేమీ కాదు. కారు బరువు 1,700 కిలోలు, గాలి నిరోధక గుణకం 0.33, ఎదురుగా నిలబడి చూస్తే కనిపించే వైశాల్యం 2.2 చదరపు మీటర్లు అనుకుంటే, గాలిని తోసుకుంటూ పోవడానికి సుమారు 340 న్యూటన్ల బలం, టైర్లు దొర్లడానికి ఇంకో 200 న్యూటన్లు కావాలి. మొత్తం 540. ఆ వేగానికి అది 15 కిలోవాట్లు, అంటే 20 హార్స్‌పవర్.

ఈ సంగతి అర్థమైతే మైలేజీ గురించిన సగం సందేహాలు వాటంతటవే తీరిపోతాయి. పవర్ ఎక్కువ కాబట్టి పెట్రోలు ఎక్కువ తాగక తప్పదనే మాట పూర్తిగా నిజం కాదు. అసలు ఖర్చు రెండు చోట్ల అవుతుంది. ఆ 20 హార్స్‌పవర్ పనిని పెద్ద ఇంజిన్ ఎంత అసమర్థంగా చేస్తోంది అన్నది ఒకటి. కష్టపడి తెచ్చుకున్న వేగాన్ని మనం ఎన్నిసార్లు బ్రేకు తొక్కి పోగొట్టుకుంటున్నాం అన్నది రెండోది. ఈ రెండూ చాలావరకు డ్రైవర్ చేతిలోనే ఉన్నాయి. కారు సరదా చంపుకోకుండానే వీటిని దారిలో పెట్టొచ్చు.

పెద్ద ఇంజిన్ అసమర్థత ఎక్కడి నుంచి వస్తుందంటే, తక్కువ పవర్ కావాల్సినప్పుడు థ్రాటిల్, అంటే ఇంజిన్‌లోకి గాలిని వదిలే తలుపు, దాదాపు మూసుకుని ఉంటుంది. ముక్కు సగం మూసుకుని ఊపిరి పీల్చినట్టు, పిస్టన్లు ఆ సన్న సందులోంచి గాలిని లాక్కోవడానికే బోలెడు శక్తి ఖర్చు పెడతాయి. పైగా ఎనిమిది సిలిండర్ల రాపిడి ఎనిమిది సిలిండర్లదే, పని చిన్నదైనా అది తగ్గదు. బాగా పని పడినప్పుడు పెట్రోలులోని శక్తిలో మూడో వంతుకు పైగా చక్రాలవైపు పంపగల ఇంజిన్, ఇలా తేలిగ్గా నడిచేటప్పుడు ఐదో వంతు దగ్గరే ఆగిపోతుంది. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. ఐదో వంతు సామర్థ్యంతో లెక్కేస్తే మన కూపే 100 కిలోమీటర్ల వేగం దగ్గర లీటరుకు దాదాపు 12 కిలోమీటర్లు ఇవ్వాలి. మంచి హైవే మీద ఇలాంటి కార్లు నిజంగా ఇచ్చేదీ ఇంచుమించు అంతే.

1. ముందు నిజమైన అంకె పట్టుకోండి

డ్యాష్‌బోర్డు చూపించే సగటును నమ్ముకుని ఏ నిర్ణయానికీ రావద్దు. ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో చూసి కంప్యూటర్ వేసే అంచనా అది. అసలు కంటే కొన్ని శాతం మెరుగ్గా చూపించడం మామూలే. ట్యాంక్ ఫుల్ పద్ధతి పాతదే అయినా దాన్ని మించింది లేదు. నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగగానే అక్కడితో ఆపేయండి, ఇంకో రెండు లీటర్లు కుక్కించవద్దు. ట్రిప్ మీటర్ సున్నా చేయండి. ట్యాంకు మూడొంతులు ఖాళీ అయ్యాక, వీలైతే అదే బంకులో అదే పంపు దగ్గర, మళ్లీ మొదటి టక్కు దాకా నింపండి. తిరిగిన కిలోమీటర్లను ఈసారి పట్టిన లీటర్లతో భాగించండి. ఒక్క ట్యాంకు చూసి తేల్చేయకుండా కనీసం మూడు నాలుగు సార్లు ఇలా రాసుకోండి.

సగటు తీయడంలో చాలామంది ఒకచోట పొరపాటు పడతారు. మొదటి ట్యాంకులో 40 లీటర్లకు 400 కిలోమీటర్లు, రెండోదాంట్లో 50 లీటర్లకు 350 కిలోమీటర్లు వచ్చాయనుకోండి. అంటే లీటరుకు 10, ఆ తర్వాత 7. ఈ రెండింటి సగటు 8.5 అనేస్తే తప్పు. మొత్తం 750 కిలోమీటర్లను మొత్తం 90 లీటర్లతో భాగించాలి. వచ్చేది 8.33.

అసలైతే స్పోర్ట్స్ కారుకు లీటరుకు కిలోమీటర్ల లెక్క కంటే 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అన్న లెక్కే సరైన దారి చూపిస్తుంది. లీటరుకు 12 నుంచి 13కు పెంచితే 100 కిలోమీటర్లకు మిగిలేది 0.64 లీటరు. అదే 6 నుంచి 7కు పెంచితే 2.4 లీటర్లు మిగులుతాయి. రెండు చోట్లా పెరిగింది ఒక్క కిలోమీటరే, కానీ ఆదా మాత్రం దాదాపు నాలుగింతలు. హైవే మీద పదో వంతు కిలోమీటరు కోసం తాపత్రయపడే ముందు, ఊళ్లో ఆగుతూ సాగుతూ నడిచే కిలోమీటర్ల సంగతి చూడాలి.

వెనక టైర్లు కంపెనీ సైజు కాకుండా వేరేవి వేయించి ఉంటే ఓడోమీటర్‌ను కూడా ఒకసారి సరిచూసుకోండి. 100 కిలోమీటర్ల ప్రయాణంలో జీపీఎస్ ఎంత చూపిస్తోందో, ఓడోమీటర్ ఎంత చూపిస్తోందో పోల్చి, ఆ తేడాను ఇకపై ప్రతి లెక్కలోనూ కలపండి.

2. కంపెనీ చెప్పిన అంకెను అర్థం చేసుకోండి

ఏ పరీక్ష ప్రకారం చెప్పారో తెలియకపోతే ఆ అంకెకు అర్థం లేదు. యూరప్‌లో 2017 సెప్టెంబరు దాకా వాడిన ఎన్‌ఈడీసీ పరీక్ష మరీ మెతక. దాని అంకెలు రోడ్డు మీద రావడం అరుదు. తర్వాత వచ్చిన డబ్ల్యూఎల్‌టీపీలో కారు 23 కిలోమీటర్లు నడుస్తుంది, ఒక దశలో 131 కిలోమీటర్ల వేగం కూడా అందుకుంటుంది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2008 మోడళ్ల నుంచి ఏసీ, చలి, దూకుడు డ్రైవింగ్ కూడా లెక్కలోకి తీసుకుంటోంది. స్పోర్ట్స్ కూపేల విషయంలో నేను ఎక్కువగా నమ్మేది ఈపీఏ అంకెలనే. గ్యాలన్‌కు ఇన్ని మైళ్లు అని ఉన్నదాన్ని 0.425తో గుణిస్తే లీటరుకు కిలోమీటర్లు వస్తాయి.

ఒక పోలిక చూడండి. 2017 నిస్సాన్ జీటీ-ఆర్‌కు ఈపీఏ ఇచ్చిన అంకెలు సిటీలో 16, హైవేలో 22. అంటే లీటరుకు 6.8, 9.4 కిలోమీటర్లు. 2014 షెవర్లే కార్వెట్ మాన్యువల్‌కు సిటీలో 17, హైవేలో 29, అంటే 7.2, 12.3. జీటీ-ఆర్‌ది 3.8 లీటర్ల ట్విన్ టర్బో వీ6, కార్వెట్‌ది 6.2 లీటర్ల వీ8. ఇంజిన్ సైజు చూసి మైలేజీ అంచనా వేసేవాళ్లకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. కారణాలు స్పష్టమే. జీటీ-ఆర్ బరువెక్కువ, నాలుగు చక్రాలనూ తిప్పుతుంది. కార్వెట్ తేలిక, రెండు చక్రాలే తిప్పుతుంది, ఏడో గేరులో ఇంజిన్ చాలా నెమ్మదిగా తిరుగుతుంది, ఎకో మోడ్‌లో పెడితే పని తక్కువున్నప్పుడు నాలుగు సిలిండర్లను ఆపేస్తుంది. తక్కువ సిలిండర్లతో అదే పని చేయాలంటే థ్రాటిల్ ఇంకాస్త తెరుచుకోవాలి, దాంతో ఇంతకుముందు చెప్పిన ఊపిరి కష్టం తగ్గుతుంది.

మీరు కొలిచిన మైలేజీ మీ కారుకు ఈపీఏ ఇచ్చిన అంకెకు పది శాతం లోపు తేడాలో ఉంటే బండిలో లోపం ఏమీ లేనట్టే. అంతకంటే కిందికి పోతే తర్వాతి మెట్టును శ్రద్ధగా చదవండి.

3. బండి ఆరోగ్యం

టైర్లతో మొదలుపెట్టండి. చల్లగా ఉన్నప్పుడు, అంటే కారు కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక గాలి చూడండి. నాలుగు టైర్లలో సగటున ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం పడిపోతుంది. ఐదారు పీఎస్‌ఐ తగ్గినా పోయేది ఒక శాతం చిల్లరేగా అనిపించొచ్చు, కానీ వెడల్పాటి టైరులో గాలి తక్కువైతే అంచులు త్వరగా అరుగుతాయి, మలుపుల్లో పట్టు కూడా పాడవుతుంది. మైలేజీ కోసం కంపెనీ చెప్పినదానికి మించి గాలి కొట్టించడం మాత్రం ఈ కార్లకు నేను ఒప్పుకోను. అంత పవర్‌ను రోడ్డుకు అంటిపెట్టేది ఆ నాలుగు అరచేతులంత రబ్బరే.

తర్వాత అలైన్‌మెంట్. రేసు ట్రాక్ కోసం సెట్ చేయించిన కార్లలో టో మామూలు కంటే ఎక్కువ ఉంటుంది. చక్రాలు రెండూ కాస్త లోపలికో బయటికో తిరిగి ఉంటే, కారు నేరుగా వెళ్తున్నా టైర్లు నిత్యం పక్కకు రుద్దుకుంటూనే ఉంటాయి. క్యాంబర్, అంటే చక్రం పైభాగం పక్కకు వాలే కోణం, అలాగే ఉంచుకున్నా పర్వాలేదు గానీ, రోజువారీ వాడకానికి టోను కంపెనీ హద్దుల్లోకి తెప్పించండి.

బ్రేకులు పట్టేసి ఉండటం చాలామంది పట్టించుకోని లోపం. బ్రేకు ప్యాడ్లను డిస్క్ మీద నొక్కే పెద్ద క్యాలిపర్లలో ఒక్క పిస్టన్ వెనక్కి రాకుండా ఆగిపోతే చాలు, ప్యాడ్ డిస్క్‌ను ఒరుసుకుంటూ తిరుగుతుంది. దీన్ని కనిపెట్టడం తేలికే. పదిహేను నిమిషాలు నడిపి, చివర్లో బ్రేకు తొక్కే పని పెద్దగా లేకుండా మెల్లగా ఆపండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో నాలుగు డిస్కుల వేడి చూడండి. ముందు రెండూ ఒకలా, వెనక రెండూ ఒకలా ఉండాలి. ఒకటి దాని జత కంటే బాగా వేడిగా ఉంటే మీ పెట్రోలు అక్కడ కాలిపోతోంది. చేత్తో ముట్టి చూడొద్దు, చర్మం ఊడిపోతుంది.

కారు కంప్యూటర్‌ను చదివే ఓబీడీ-2 పోర్టుకు చవక స్కానర్ తగిలించినా రెండు విలువలు చెప్తుంది. మొదటిది కూలెంట్ వేడి. అది 85 నుంచి 100 డిగ్రీల మధ్యకు చేరి అక్కడ నిలబడాలి. 70 దగ్గరే తచ్చాడుతుంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయినట్టు. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటర్ అదనంగా పెట్రోలు పోస్తూనే ఉంటుంది. రెండోది లాంగ్ టర్మ్ ఫ్యూయెల్ ట్రిమ్, అంటే మామూలు లెక్క కంటే కంప్యూటర్ ఎంత పెట్రోలు పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే శాతం. మైనస్ 5 నుంచి ప్లస్ 5 శాతం మధ్య ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. ప్లస్ 10 దాటితే ఎక్కడో గాలి దొంగచాటుగా లోపలికి వస్తోంది, లేదా ఎయిర్‌ఫ్లో సెన్సర్ మురికి పట్టింది. నూనె పూసే రకం ఎయిర్ ఫిల్టర్ వాడేవాళ్లకు ఈ సెన్సర్ మీద నూనె చేరడం తెలిసిన సమస్యే.

స్పార్క్ ప్లగ్గులు గడువు దాటకుండా మార్చండి. ఇంజిన్ ఆయిల్ మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించండి, మరీ చిక్కనిదీ వద్దు, పలచన చేసి మైలేజీ పెంచుదామనీ వద్దు. ఎయిర్ ఫిల్టర్ మురికి పడితే పికప్ తగ్గుతుంది గానీ ఫ్యూయెల్ ఇంజెక్షన్ కార్లలో మైలేజీ మీద ప్రభావం దాదాపు ఉండదు. డిక్కీలో 45 కిలోల సామాను తీసేస్తే ఒక శాతం వరకు కలిసొస్తుంది.

4. పెట్రోలు ఎంపిక

ఆక్టేన్ అంటే పెట్రోలు సమయానికి ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం. మాన్యువల్‌లో అధిక ఆక్టేన్ తప్పనిసరి అని ఉందా, మంచిది అని ఉందా అన్నది చూడండి. తప్పనిసరి అంటే చర్చ లేదు. తక్కువ ఆక్టేన్ పోస్తే ఆ తప్పుడు మంటను నాక్ సెన్సర్ పసిగట్టి స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, దాంతో పవరూ పోతుంది, మైలేజీ కూడా పోతుంది. పంపు దగ్గర మిగిలిందనుకున్న డబ్బు రోడ్డు మీద పోయినట్టే. అలాగని 95 ఆక్టేన్‌కు తయారైన ఇంజిన్‌లో 100 పోసినంత మాత్రాన అదనంగా ఒరిగేదేమీ ఉండదు.

ఇథనాల్ కలిపిన పెట్రోలు సంగతి వేరు. లీటరుకు లీటరు లెక్కన ఇథనాల్‌లో పెట్రోలు కంటే మూడో వంతు శక్తి తక్కువ. 10 శాతం కలిపితే మైలేజీ 3 శాతం, 20 శాతం కలిపితే 6 నుంచి 7 శాతం తగ్గడం సహజం. వేరే రకం పెట్రోలు పోయించిన ట్యాంకును మీ పుస్తకంలో విడిగా గుర్తు పెట్టుకోండి, లేకపోతే లేని లోపం కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

5. ఊళ్లో నడిపే తీరు

ఎక్కువ ఆదా దొరికేది ఇక్కడే. ఎందుకో చెప్పడానికి ఒక్క బ్రేకు లెక్క చాలు. 1,700 కిలోల కారు 100 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు దానిలో 650 కిలోజౌళ్లకు పైగా శక్తి పోగై ఉంటుంది. ఆ వేగం తెచ్చుకోవడానికి దాదాపు 80 మిల్లీలీటర్ల పెట్రోలు కాలింది. పూర్తిగా ఆగేదాకా బ్రేకు తొక్కితే అదంతా డిస్కుల వేడిగా గాల్లో కలిసిపోతుంది. అదే 80 మిల్లీలీటర్లతో ఆ వేగంలోనే దాదాపు ఇంకో కిలోమీటరు వెళ్లొచ్చు. 50 వేగం నుంచి ఆపితే పోయేది దీనిలో నాలుగో వంతే, కానీ ఊళ్లో అలా ఎన్నిసార్లు ఆపుతామో చెప్పనక్కర్లేదు.

కాబట్టి చూపు ముందున్న బండి బంపర్ మీద కాకుండా దానికి మూడు నాలుగు బండ్ల అవతల ఉండాలి. దూరంలో ఎర్ర లైటు కనిపించగానే యాక్సిలరేటర్ మీద కాలు తీసేయండి, గేరులోనే ఉంచండి. ఇంజిన్ వేగం సుమారు 1,200 నుంచి 1,500 ఆర్‌పీఎమ్ దాకా పడిపోయేంతవరకు ఇంజెక్టర్లు పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయి. ఆ కాసేపు ఖర్చు సున్నా. న్యూట్రల్‌లో వేస్తే మాత్రం ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి, కంట్రోలూ తగ్గుతుంది. కొన్ని కార్లు పరిస్థితి చూసి తామే క్లచ్ వదిలి తేలిపోతూ సాగుతాయి. పోర్షే 911లో పీడీకే అనే డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు 2011లో వచ్చిన 991 తరం నుంచి ఆ ఏర్పాటు ఉంది. అలాంటి కారైతే ఎప్పుడు తేలాలో, ఎప్పుడు ఇంజిన్ బ్రేకింగ్ వాడాలో దానికే వదిలేయండి.

వేగం అందుకునేటప్పుడు మరీ నత్తనడక అవసరం లేదు. ఇది చాలామంది నమ్మరు. యాక్సిలరేటర్‌ను మూడో వంతు నుంచి సగం దాకా నొక్కి, 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎమ్ మధ్య పై గేరు వేసుకుంటూ పోవడమే పెద్ద ఇంజిన్‌కు హాయి. థ్రాటిల్ తెరుచుకుంటుంది, రాపిడి తగ్గుతుంది, టార్క్ ఎలాగూ దండిగా ఉంది. కార్వెట్‌కు 1989లో ఆరు గేర్ల మాన్యువల్ వచ్చినప్పుడు, మెల్లగా నడుపుతుంటే గేరు లివర్‌ను ఒకటి నుంచి నేరుగా నాలుగులోకి మళ్లించే ఏర్పాటు పెట్టారు. దాన్ని తీసేయించుకున్న యజమానులు చాలామందే. కానీ అంత టార్క్ ఉన్న ఇంజిన్‌కు రెండు, మూడు గేర్లు లేకపోయినా సాగుతుందన్న ఆలోచన మాత్రం సరైనదే. అలాగని 1,200 ఆర్‌పీఎమ్ దగ్గర ఇంజిన్ వణుకుతుంటే పై గేరులోనే ఉండి తొక్కడం మంచిది కాదు. ఒక గేరు దించండి.

టర్బో ఇంజినైతే బూస్ట్ మీటర్ మీద, అంటే టర్బో అదనంగా నెట్టే గాలి ఒత్తిడిని చూపేదాని మీద, కన్నేసి ఉంచండి. సూది సున్నా అటూ ఇటూ ఉన్నంతసేపు అది చిన్న ఇంజిన్‌లాగే పొదుపుగా ఉంటుంది. బూస్ట్ పూర్తిగా ఎక్కితే ఆ పొదుపు మాయమవుతుంది. టర్బో ఉన్నా లేకపోయినా పూర్తిగా తొక్కినప్పుడు కథ మారిపోతుంది. మామూలుగా ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కలిపే ఇంజిన్, లోపలి వేడి తట్టుకోవడానికి 12కో 12.5కో దిగి, కాలని పెట్రోలును చల్లబరిచే పనికి వాడుకుంటుంది. 450 హార్స్‌పవర్ ఇంజిన్ ఒక నిమిషం పాటు పూర్తి శక్తితో నడిస్తే 2 లీటర్లకు పైగా ఖర్చవుతుంది. ట్రాక్ మీద అది న్యాయమైన ఖర్చే, దాని కోసమేగా ఈ కారు కొనుక్కున్నది. రెండు సిగ్నళ్ల మధ్య మాత్రం దానికి అర్థం లేదు.

ఉదయం స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నిలబెట్టి వేడి చేయొద్దు. అర నిమిషం ఆగి కదిలి, ఆయిల్ 80 డిగ్రీలకు వచ్చేదాకా 2,500 దాటకుండా నడపండి. పెద్ద వీ8 ఊరికే తిరుగుతూ గంటకు లీటరున్నర పైనే తాగగలదు. రెండేసి కిలోమీటర్ల పనులు నాలుగుంటే ఒకే తిరుగులో పూర్తి చేసుకోండి. ఇంజిన్ నాలుగుసార్లు చల్లారి నాలుగుసార్లు వేడెక్కడమే చిన్న ప్రయాణాల్లో అసలు దుబారా.

6. హైవే వేగం

గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మన కూపేకు 110 దగ్గర మొత్తం 610 న్యూటన్లు కావాలి, 130 దగ్గర 770. ప్రతి కిలోమీటరుకూ నాలుగో వంతు పని ఎక్కువ. ఇంజిన్ కాస్త బరువు పడ్డప్పుడు సామర్థ్యం పెరుగుతుంది కాబట్టి పెట్రోలు అంతే నిష్పత్తిలో పెరగదు, అయినా తేడా బాగానే తెలుస్తుంది. 200 కిలోమీటర్ల ప్రయాణంలో ఆ వేగం వల్ల కలిసొచ్చేది 17 నిమిషాలు. ఎప్పుడు ఏది కావాలో మీరే తేల్చుకోండి, కానీ లెక్క తెలిసి తేల్చుకోండి.

చదును రోడ్డు మీద క్రూయిజ్ కంట్రోల్ మేలు. కొండ దారిలో మీ కాలే నయం. ఎక్కేటప్పుడు వేగం కాస్త పడనిచ్చి, దిగేటప్పుడు అందుకోవచ్చు. ఈ వేగాల్లో కిటికీలు దించడం కంటే ఏసీ వాడటమే మంచిది.

7. మార్పులు చేర్పులు

మెత్తటి ట్రాక్ టైర్లు, ఇంకా వెడల్పాటి చక్రాలు, పెద్ద వెనక రెక్క, మూడూ మైలేజీని తింటాయి. రెక్క కారును రోడ్డుకు అదిమిపెట్టే బలానికి గాలి వసూలు చేసే ధర అది. ఫైనల్ డ్రైవ్, అంటే గేర్‌బాక్స్ తర్వాత చక్రాల దగ్గర ఉండే చివరి గేరు నిష్పత్తి, మార్చేవాళ్లు ఈ లెక్క కూడా చూడాలి. ఫోర్డ్ మస్టాంగ్ జీటీలో 3.15, 3.55, 3.73 నిష్పత్తులు దొరికేవి. గేర్‌బాక్స్ ఒకటే అయితే 3.15 నుంచి 3.73కు మారితే అదే వేగానికి ఇంజిన్ 18 శాతం ఎక్కువ తిరుగుతుంది. మొదటి గేరులో వచ్చే ఆ దూకుడుకు హైవే మీద గంటల తరబడి మూల్యం చెల్లించాలి.

పెట్రోలు పైపుకు తగిలించే అయస్కాంతాలు, ట్యాంకులో వేసే మాత్రలు, సాకెట్‌లో గుచ్చే పెట్టెలు కొనకండి. ఆ డబ్బుతో ఒక సరైన అలైన్‌మెంట్ చేయించండి.

8. రాసుకోవడం, పసిగట్టడం

ప్రతి ట్యాంకుకు తేదీ, కిలోమీటర్లు, లీటర్లు, ఏ పెట్రోలు, సిటీ ఎక్కువా హైవే ఎక్కువా అన్నది రాయండి. ట్రాక్ మీద కాలిన ట్యాంకును విడిగా పెట్టండి. చలికాలంలో అంకె పడితే వెంటనే టెన్షన్ పడొద్దు. 25 డిగ్రీలతో పోలిస్తే మైనస్ 7 డిగ్రీల దగ్గర సిటీ మైలేజీ 15 శాతం దాకా తగ్గుతుంది, చిన్న ప్రయాణాలైతే ఇంకా ఎక్కువే. చిక్కని గాలి, గట్టిపడ్డ టైర్లు, ఆలస్యంగా వేడెక్కే ఇంజిన్, అన్నీ కలిసి చేసే పని అది.

వాతావరణం, దారి, పెట్రోలు ఏదీ మారకుండా వరసగా రెండు ట్యాంకులు పది శాతం పడిపోతే మాత్రం వదలొద్దు. టైర్ల గాలి, డిస్కుల వేడి, కూలెంట్ వేడి, ఫ్యూయెల్ ట్రిమ్, ప్లగ్గులు, ఈ వరసలోనే చూసుకుంటూ రండి. మొదటి నాలుగూ ఇంట్లోనే అరగంటలో అయిపోతాయి. మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే ఆ పుస్తకం, స్కానర్ చూపిన అంకెలు వెంట తీసుకెళ్లండి. మైలేజీ తగ్గిందండీ అనడం కంటే, 100 కిలోమీటర్లకు 11.8 లీటర్ల నుంచి 13.4కు పెరిగింది, ట్రిమ్ ప్లస్ 12 ఉంది అంటే అతను ఎక్కడ వెతకాలో వెంటనే తెలుస్తుంది.